ఐదో కెమెరా

బూటు అడుగున గుబ్బల మధ్య ఇరుక్కున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో గీకుతున్నాను. ఎడమ బూటు అయిపోయింది. కుడిది సగంలో ఉంది. లాండ్రీ సింకులో నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

ప్రతి ఆదివారం స్పందన ఫుట్‌బాల్ బూట్లు నేనే కడుగుతాను. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. న్యూజిలాండ్‌కి, లోవర్ హట్‌లోని ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, పని దొరకని మూడు నెలల్లో మొదలైన అలవాటు. రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. బదులుగా తను నాకు కారు నడపడం నేర్పింది. రౌండబౌట్ ముందు నేను బిగుసుకుపోతే, "వెళ్ళు కావ్యా, వాళ్ళేం నిన్ను తినరు" అని నవ్వేది.

ఈ ఆదివారం మాత్రం బూట్లతో పని లేదు. వచ్చే శనివారం ఫైనల్ ఆడేది స్పందన జట్టు వ్యాలీ రోవర్స్ కాదు. నిన్న సెమీఫైనల్లో ఓడిపోయారు. ఓడింది స్పందన వల్లేనని పొద్దున్నుంచి ఆమె ఫోనుకి వస్తున్న మెసేజీలన్నీ చెబుతున్నాయి.

ఆట ముగియడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. రెండు వైపులా గోల్స్ లేవు. ఆక్లాండ్ జట్టు అమ్మాయి బంతితో గోల్ మీదికి దూసుకొస్తుంటే, వెనక వరసలో ఆడే స్పందన నేల మీద జారుతూ కాలు చాపింది. బంతి పక్కకి పోయింది. ఆ అమ్మాయి పడిపోయింది. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, స్పందనకి రెడ్ కార్డ్ చూపించాడు. వీడియో చూసి నిర్ణయం మార్చమని కోచ్ తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క చాలెంజ్ కార్డుని పైకెత్తాడు. రిఫరీ గీత పక్కనున్న స్క్రీన్ దగ్గరికి వెళ్ళి, నాలుగు కెమెరాలు తీసిన నాలుగు వీడియోలూ చూసి, తల అడ్డంగా ఊపాడు. స్పందన జెర్సీ కొస నోట్లో పెట్టుకుని కొరుకుతూ బయటికి నడిచింది. ఆ పెనాల్టీతోనే మ్యాచ్ పోయింది.

ఆ స్క్రీన్ మీదికి వీడియోలు పంపిన మనిషి గ్రౌండ్ వెనక ఆపిన వ్యాన్‌లో కూర్చున్నాడు. అతను మా అన్నయ్య గిరిధర్.

స్పందన మా వదిన పద్మకి చెల్లెలు. వాళ్ళ అమ్మానాన్నలు ఆక్లాండ్‌లో ఉంటారు. క్లబ్ ఇక్కడ కాబట్టి మూడేళ్ళుగా మా వెనక గదిలో ఉంటోంది. నిన్న సాయంత్రం నుంచి అన్నయ్యా తనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తను చూడకపోవడానికి కారణం ఏడుపు. అన్నయ్య ఎందుకు చూడలేదో నాకు మాత్రమే తెలుసనుకున్నాను.

మూడున్నర దాటింది. బూట్లు పట్టుకుని నేను హాల్లోకి వచ్చేసరికి స్పందన ఫోను సోఫా మీదికి విసిరింది.

"మేనేజర్ కాల్ చేసింది. అప్పీల్ ఫైవ్ లోపల పంపాలంట. అదీ కొత్త వీడియో ఉంటేనే. రిఫరీ ఆల్రెడీ చూసినవాటి మీద అప్పీల్ తీసుకోరంట."

"పంపకపోతే?" అంది వదిన. ఆరిన బట్టలన్నీ ఒళ్ళో వేసుకుని మడతపెడుతోంది.

"మూడు మ్యాచ్‌లు బ్యాన్. రేపు మార్నింగ్ నెక్స్ట్ సీజన్ లిస్ట్ పెడుతున్నారు అక్కా. డిఫెండర్‌కి మిగిలింది ఒక్క ప్లేసు. నాకో, టౌరంగా నుంచి వచ్చిన ఆ అమ్మాయికో. సీజన్ మొదలవగానే మూడు మ్యాచ్‌లు బెంచ్ మీద కూర్చునేదాన్ని ఎవరు తీసుకుంటారు?"

అన్నయ్య డైనింగ్ టేబుల్ దగ్గర చల్లారిపోయిన ఉప్మాని స్పూనుతో అటూ ఇటూ తోస్తున్నాడు.

"అంతా ఆ కోచ్ వల్ల," అంది స్పందన. "ఉన్నవే రెండు చాలెంజ్‌లు. తొమ్మిదో నిమిషంలో హ్యాండ్‌బాల్ అని ఒకటి తగలేశాడు. భుజానికి తగిలిందని అంత దూరం నుంచి నాకే కనిపించింది. ఆక్లాండ్ వాళ్ళకేమో బెంచ్ మీద ఒకడు ట్యాబ్ పట్టుకుని కూర్చుంటాడు. ముందే వీడియో చూసి చాలెంజ్ వెయ్యి, వద్దు అని కోచ్‌కి చెప్తాడు. మాకు ఫిజియోనే వాటర్ బాటిల్స్ కూడా మోస్తుంది. వాళ్ళ గ్రౌండ్‌లో తొమ్మిది కెమెరాలు, మన దగ్గర నాలుగు. రూల్ అందరికీ ఒకటే అంట. కళ్ళు మాత్రం వేరు."

"ఆటన్నాక ఉంటాయిలే," అంది వదిన.

"ఆట కాదక్కా, అది నా జాబ్. నీకు అన్యాయం జరిగిందని చెప్పడానికి మీ ఆఫీసులో ఏడాదికి రెండే ఛాన్సులు, అవి కూడా మీ మేనేజర్ చేతిలోనే ఉంటాయి అంటే ఊరుకుంటావా?"

"మా ఆఫీసులో ఆ రెండు కూడా లేవు," అంది వదిన తువ్వాలు దులుపుతూ.

ఇంకో రోజైతే నవ్వేవాళ్ళం.

స్పందన మాటలు వింటుంటే నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో సుబ్బరామయ్య మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. పిల్లలు రోజూ చాడీలు చెబుతున్నారని, ఒక్కొక్కరు వారానికి ఒక్క ఫిర్యాదే చెయ్యాలన్నారు. అది అబద్ధమని తేలితే చెప్పినవాళ్ళకే గోడ కుర్చీ. బాగానే ఉందనుకున్నాం. నెల తిరిగేసరికి ముందు బెంచీ పిల్లలు మాత్రమే ఫిర్యాదు చేసేవాళ్ళు. వాళ్ళకి సాక్ష్యం చెప్పడానికి నలుగురు ఉండేవాళ్ళు. వెనక కూర్చున్న మేమైతే పలక పోయినా, జడ పట్టుకుని ఎవరైనా లాగినా, ఈ వారానికి దాచుకుందాం, ఇంతకంటే పెద్దది జరగొచ్చు అనుకునేవాళ్ళం. దాచుకుని దాచుకుని నోరు మూసుకోవడం నేర్చుకున్నాం. నేను మరీ బాగా నేర్చుకున్నాను.

నిన్న నేను ఉత్తరం వైపు గోల్ వెనక కూర్చున్నాను. స్పందన కాలు చాపింది నా కళ్ళ ముందే. గోల్ స్తంభం వెనక, నేలకి జానెడు ఎత్తులో, పిడికిలంత కెమెరా ఒకటి ఇనుప కడ్డీకి బిగించి ఉంది. దాని వైరుకి పసుపు టేపు చుట్టి ఉంది. మా ఇంట్లో మిక్సీ వైరుకీ, హీటర్ ప్లగ్గుకీ ఉన్న టేపే. ఆఫీసులో తన సామాను వేరేవాళ్ళ సామానుతో కలిసిపోకూడదని అన్నయ్య అన్నిటికీ ఆ టేపు చుడతాడు.

రిఫరీ స్క్రీన్ ముందు నిలబడ్డప్పుడు ప్రతి వీడియో తర్వాత ఒక్కో వేలు ముడిచాడు. నాలుగు వేళ్ళు ముడిచాక, చెవి దగ్గరి మైకు పట్టుకుని ఏదో అడిగాడు. ఒక్క క్షణం విన్నాడు. వెనక్కి తిరిగాడు. గ్రౌండ్ చుట్టూ ఉన్నవే నాలుగు, గోల్ వెనకదాంతో ఐదు. నాకు లెక్క సరిపోలేదు. నిన్నటి నుంచీ సరిపోలేదు.

బూట్లు పేపరు మీద పెట్టాను.

"అన్నయ్యా, గోల్ వెనక పసుపు టేపు చుట్టిన కెమెరా ఉంది కదా. అందులోది రిఫరీ చూశాడా?"

స్పూను చప్పుడు ఆగిపోయింది.

"ఏ కెమెరా?" అంది స్పందన.

అన్నయ్య నా వైపు చూశాడు. చిన్నప్పుడు చెరువు గట్టు మీద తను బీడీ తాగడం నేను చూసినప్పుడు కూడా ఇలాగే చూశాడు. అప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు.

"అది ట్రయల్‌కి పెట్టిందిలే," అన్నాడు.

"ఏది ట్రయల్‌కి? నార్త్ ఎండ్‌లో కెమెరా ఉందా? బావా, నార్త్ ఎండ్‌లో కెమెరా ఉందా?"

"ఉంది. నిన్న మధ్యాహ్నమే బిగించాను. పని చేస్తే వచ్చే ఏడాది అన్ని గ్రౌండ్లలో పెడదామని మా బాస్ అన్నాడు. క్లబ్బులకి ఇంకా చెప్పలేదు."

"రిఫరీకి చూపించొచ్చా, చూపించకూడదా?"

అన్నయ్య ప్లేటు పక్కకి తోశాడు. స్పందన సోఫా వెనక నుంచి ఇవతలికి వచ్చింది.

"చూపించొచ్చు," అన్నాడు చివరికి. "పనికొస్తే వాడమనే అన్నాడు బాస్."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఏం కనిపించింది?"

వంటింట్లో కుక్కర్ మూడో కూత వేసింది. వదిన బట్టలు పక్కన పెట్టి లేచి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేదాకా ఎవరూ కదల్లేదు. వచ్చి మళ్ళీ అదే చోట కూర్చుంది. ఇంకో చొక్కా తీసుకుంది.

"ముందు బంతికే తగిలింది," అన్నాడు అన్నయ్య. "నీ కాలు ముందు బంతికే తగిలింది స్పందనా. ఇంత." బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి చూపించాడు. "ఆ తర్వాతే ఆ పిల్ల నీ మీద పడింది. అది ఫౌలే కాదు."

నేను ఆ రెండు వేళ్ళ మధ్య ఖాళీనే చూస్తున్నాను. ఒక మనిషి మూడేళ్ళు పొద్దున్నే లేచి పరిగెత్తిన పరుగంతా అందులో పట్టేసింది.

"అడిగాడా?" అంది స్పందన. గొంతు పెరగలేదు. తగ్గింది. "ఇంకేమైనా ఉందా అని రిఫరీ అడిగాడా?"

"అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"అంతే, ఇంకేం లేవన్నాను."

స్పందన నవ్వింది. అలాంటి నవ్వు నేను రెస్ట్‌హోమ్‌లో విన్నాను, కొడుకు రాడని తెలిశాక ఒక ముసలావిడ దగ్గర.

"ఎందుకు?"

"నువ్వు నా మరదలివి కాబట్టి." అన్నయ్య లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిగి గోడకి తగిలింది. "నువ్వు పద్మ చెల్లెలివని సీజన్ మొదట్లోనే మా బాస్‌కి చెప్పాను. దాచలేదు. 'గిరీ, ఎవరూ వేలెత్తి చూపించకుండా ఉండాలి, అంతే' అన్నాడు. ఇప్పుడు నాలుగు కెమెరాల మ్యాచ్‌లో, నీకు రెడ్ కార్డ్ పడ్డాక, ఎవరికీ తెలియని ఐదో కెమెరా ఎక్కణ్ణుంచో బయటికొస్తే ఏమంటారు? ఎవరు పెట్టారు అంటారు. వాళ్ళ బావ అంటారు. మరదలి గోల్ వెనకే పెట్టాడంటారు. అవతలి గోల్ దగ్గర ఇంకా వైరు లాగలేదు, ఆ సంగతి ఎవడు వింటాడు?"

"అంటే నిజం కనిపించింది, కానీ అది నాకు హెల్ప్ చేసే నిజం కాబట్టి దాచేశావు."

"దాచలేదు. ఆ టైములో..."

"వాళ్ళ అమ్మాయికి హెల్ప్ చేసేదైతే చూపించేవాడివా?"

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు.

"అడిగేది నిన్నే బావా. నేను నీకు ఏమీ కాకపోయుంటే, నా పేరు ఎమ్మానో సారానో అయ్యుంటే, చూపించేవాడివా?"

"చూపించేవాణ్ణి."

"సరే. అర్థమైంది." స్పందన పేపరు మీద ఉన్న కుడి బూటు తీసింది. విసురుతుందనుకున్నాను. విసరలేదు. రెండు చేతులతో పట్టుకుని నలిపింది. "ఈ ఇంట్లో ఉండటమే నా ఫౌల్. కోచ్‌ని తిట్టాను, రిఫరీని తిట్టాను, ట్యాబ్ వాణ్ణి తిట్టాను. నా ఎదురుగా కూర్చుని పప్పు కలుపుకున్న మనిషిని మాత్రం వదిలేశాను. నిన్న డిన్నర్‌లో పెరుగు ఇటు జరుపు అన్నావు బావా. నేను జరిపాను."

"స్పందనా, చాలు," అంది వదిన.

"ఏం చాలు?"

"నువ్వు వచ్చిన ఏడు నీకు తెలీదా? ఉన్న ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు పెట్రోల్ స్టేషన్లో నైట్ షిఫ్టులు చేశాడు. ఇది దొరికాకే కాస్త మనిషయ్యాడు. రిఫరీకి అబద్ధం చెప్పాడని తెలిస్తే రేపే తీసేస్తారు. ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆ పని ఇవ్వరు."

"మరి నా పని?"

"నీకు ఇరవై మూడేళ్ళు. ఇంకో క్లబ్బుంటుంది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి."

స్పందన అక్క వైపు అలాగే చూసింది. వాళ్ళిద్దరి సంగతి నాకు స్పందనే చెప్పింది. తనకి పదకొండేళ్ళప్పుడు ఆడపిల్లకి ఫుట్‌బాల్ ఏంటని వాళ్ళ నాన్న వద్దంటే, కొత్తగా లైసెన్స్ వచ్చిన వదిన లైబ్రరీకని చెప్పి రెండేళ్ళు రహస్యంగా ప్రాక్టీసుకి తీసుకెళ్ళింది. మొదటి బూట్లు కొన్నది కూడా వదినే. ఇప్పుడు ఆమె తలెత్తకుండా చొక్కా చేతులు మడుస్తోంది. ఆ చొక్కా అన్నయ్యది.

నాకు వదిన మీద కోపం వచ్చింది. అన్నయ్య మీద వచ్చింది. అందరికంటే ఎక్కువ నా మీద వచ్చింది. నిన్న గ్రౌండ్‌లోనే లేచి ఆ కెమెరా వైపు చెయ్యి చూపించి అరిచుంటే? ఎవరు వినేవాళ్ళో తెలీదు. కానీ అరవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఇంకా పెద్దదేదో జరుగుతుంది, అప్పుడు వాడుకుందాం అని దాచుకున్నాను.

"వీడియో ఏది?" అంది స్పందన. "ఫైవ్ దాకా టైముంది. ఇవ్వు. ఎక్కడిదని అడిగితే ఏదో చెప్పుకుంటాను."

"లేదు," అన్నాడు అన్నయ్య. "వ్యాన్‌లోది నిన్నే చెరిపేశారు. అది రూలు."

"కెమెరాలో కార్డుంటుంది కదా?"

"ఆఫీసులో ఇచ్చేశాను."

అది అబద్ధం.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. దేని మీద మనిషి బతుకు ఆధారపడి ఉంటుందో దాన్ని ముందు దేవుడి దగ్గర పెడతాం. పరీక్ష హాల్ టికెట్లు, పాస్‌పోర్టులు, అన్నయ్య అపాయింట్‌మెంట్ లెటరు, నా వీసా కాగితం, అన్నీ వంటింటి మూల అరలో వెంకటేశ్వరస్వామి పటం ముందు రాత్రంతా ఉండి వచ్చినవే. ఈ పొద్దున దీపం పెడుతుంటే కుంకుమ భరిణె పక్కన గోరంత నల్లటి మెమరీ కార్డు కనిపించింది. ఫోనుదేమో అనుకుని కదపకుండా వదిలేశాను. అన్నయ్య దాన్ని పారెయ్యలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఏం చెయ్యాలో తెలియక దేవుడికి అప్పజెప్పాడు.

"దేవుడి దగ్గర పెట్టావు కదా అన్నయ్యా," అన్నాను.

అన్నయ్య మొహంలో రక్తం లేదు. "అన్నీ చూస్తూనే ఉంటావే నువ్వు."

"చూస్తూనే ఉన్నాను. చెప్పడమే ఆలస్యమైంది."

"నిన్ను ఇక్కడికి తెచ్చింది నేను."

"తెచ్చావు. అందుకని నిన్ననే చెప్పలేకపోయాను. నువ్వు చేసిందీ అదే కదా. మనవాళ్ళు కదా అని నోరు మూసుకోవడం."

అతను చెయ్యెత్తాడు. నా మీదికి కాదు. ఎక్కడికో తెలియనట్టు గాలిలో ఆపి, దించేసి, వంటింట్లోకి నడిచాడు. స్పందన వెనకాలే పరిగెత్తింది. నేనూ వెళ్ళాను.

అరలో పటాలున్నాయి. దీపం కొండెక్కింది. కుంకుమ భరిణె ఉంది. దాని పక్కన పరుచుకున్న అగరొత్తి బూడిదలో గోరంత చోటు మాత్రం శుభ్రంగా, నలుచదరంగా ఉంది.

కార్డు లేదు.

"తీశావా?" అని అరిచింది స్పందన.

"లేదు. ఒట్టు. ఇక్కడే పెట్టాను." అన్నయ్య పటం ఎత్తి చూశాడు, వెనక చెయ్యి పెట్టాడు. భరిణె దొర్లి కుంకుమ బండ మీద ఒలికింది. "కావ్యా, నువ్వు?"

"నేను ముట్టుకోలేదు."

స్టవ్ మీద కుక్కర్ ఇంకా ఆవిరి వదులుతోంది. స్టవ్‌కీ దేవుడి అరకీ మధ్య దూరం చెయ్యి చాపితే అందేంత.

ముగ్గురం ఒకేసారి హాలు వైపు తిరిగాం.

మడతపెట్టిన బట్టలు సోఫా మీద నాలుగు దొంతరలుగా ఉన్నాయి, ఎవరివి వాళ్ళకి. వదిన ద్వారం దగ్గర నిలబడి కోటు వేసుకుంటోంది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఆ చేతిని బయటికి తియ్యకుండానే ఎడమచేత్తో తాళాలు అందుకుంది.

"పద్మా," అన్నాడు అన్నయ్య.

"అక్కా, అది ఇవ్వు," అంది స్పందన.

వదిన ఇద్దరినీ చూసింది. చివర్లో నన్ను కూడా చూసింది. ఆమె మొహంలో ఏముందో చదవడానికి ప్రయత్నించాను. ఇంత కాలం మనుషుల మొహాలు చూస్తూ బతికినదాన్ని, ఆ ఒక్క మొహం చదవలేకపోయాను. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను కిటికీ దగ్గరికి చేరేసరికి కారు వీధి చివరి దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎడమకి తిరిగితే క్లబ్ ఆఫీసు, పది నిమిషాలు. కుడికి తిరిగితే నది గట్టు, వంతెన. గోడ గడియారంలో నాలుగు కావడానికి పది నిమిషాలుంది. నా పక్కన స్పందన ఊపిరికి అద్దం మసకబారింది. మధ్యలో చేత్తో తుడిచింది.

రోడ్డు మీద వేరే కార్లేం లేవు. అయినా వదిన కారు ఆ మలుపు దగ్గర కదలకుండా నిలబడింది. ఇండికేటర్ ఏ వైపూ వెలగలేదు.